క్వార్టర్ ఇస్తారుగా, ఇంక ఇంటి టెన్షన్ ఎందుకు? జర్మనీకి బదిలీ అయిన అమెరికా సైనిక జంట అద్దె కథ

సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల పెరిగినవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. మిలిటరీలో ఉద్యోగమంటే ఇంటి గురించి దిగులు అక్కర్లేదు, క్వార్టర్ ఇస్తారు అని. మన సైన్యంలో కూడా అది సగమే నిజం. క్వార్టర్ ఖాళీ అయ్యేదాకా బయట అద్దెకు ఉండాలి. భర్తకు ఫీల్డ్ పోస్టింగ్ వస్తే భార్యాపిల్లలు ఎస్‌ఎఫ్ క్వార్టర్, అంటే విడిగా ఉండే కుటుంబాలకిచ్చే ఇంటి కోసం ఇంకో వరుసలో నిలబడాలి. అయినా దేశంలో ఎంత దూరం బదిలీ అయినా రూపాయి మారదు, కరెంటు మారదు, చట్టం పెద్దగా మారదు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో విదేశానికి వెళ్లే జవాను ఎలాగూ కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడు.

అమెరికా సైన్యం పద్ధతి వేరు. ఒక సార్జెంటును జర్మనీకో జపాన్‌కో మూడేళ్లకు పంపిస్తే భార్య లేదా భర్త, పిల్లలు, పెంపుడు కుక్కతో సహా సంసారం మొత్తం సముద్రం దాటుతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు కొందరు కూడా ఇప్పుడు ఆ యూనిఫామ్ వేసుకుంటున్నారు. "ఇంకా ఇల్లు దొరకలేదమ్మమ్మా, నెలన్నర నుంచి హోటల్లోనే ఉన్నాం" అని మనవరాలు ఫోన్లో చెబితే గుంటూరులో ఉన్న అమ్మమ్మకు అది అంతుపట్టదు. గవర్నమెంటే పంపించింది కదా, గవర్నమెంటే ఇల్లు చూపించదా?

చూపిస్తుంది, కొంతవరకు. కానీ ఇల్లు, కాగితం, డబ్బు మూడూ మూడు వేగాలతో నడుస్తాయి. ఇంటి యజమాని వారంలో తేల్చమంటాడు. సైన్యం కాగితం దాని వరుస ప్రకారమే కదులుతుంది. డబ్బు ఆ కాగితం వెనకాల వస్తుంది. ఈ మూడింటినీ ఒక తేదీకి కలపడమే విదేశీ పోస్టింగులో ఇంటి వేట. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు బాగా పనికొచ్చే ఊరు జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్.

ఊరు ఎలాంటిది

జర్మనీ నైరుతి మూలన, రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రంలో ఉంది కైజర్స్‌లౌటర్న్. అమెరికన్లు ముద్దుగా కే-టౌన్ అంటారు. ఊరి జనాభా లక్ష దాకా. దాని చుట్టూ రామ్‌స్టైన్ వైమానిక స్థావరం, లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రి, ఇంకా అనేక చిన్న స్థావరాలు. వీటిలో పెద్దవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950ల తొలి ఏళ్లలో కట్టినవి. సైనికులు, సివిలియన్ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు అందరూ కలిసి 50 వేలకు పైనే. అమెరికా బయట అమెరికా సైనిక సమాజం ఇంత పెద్దది ఇంకెక్కడా లేదు.

ఇంతమందికి స్థావరాల లోపలి ఇళ్లు చాలవు. రామ్‌స్టైన్, ఫోగెల్‌వే, లాండ్‌స్టూల్ కాలనీల్లో అపార్టుమెంట్లున్నాయి. అవి దొరికితే అద్దె భత్యం రాదు, అద్దె కట్టక్కర్లేదు. అమెరికన్ బడి దగ్గర, పక్కింట్లో ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు. కానీ వరుస ఉంటుంది, ర్యాంకును బట్టి, పిల్లల సంఖ్యను బట్టి. మిగతావాళ్లు వైలర్‌బాఖ్, మాకెన్‌బాఖ్, ఒట్టర్‌బాఖ్, క్వైడర్స్‌బాఖ్ లాంటి చుట్టుపక్కల ఊళ్లలో జర్మన్ల ఇళ్లలో అద్దెకు ఉంటారు. ఆ ఊళ్లలో తాత కాలం నుంచీ అమెరికన్లకే ఇల్లు అద్దెకిచ్చే కుటుంబాలు కూడా ఉన్నాయి.

దిగిన రోజు నుంచి

ఇలాంటి బదిలీని వాళ్ల భాషలో పీసీఎస్ అంటారు. ఆర్డరు చేతికొచ్చినంత మాత్రాన కుటుంబం బయల్దేరకూడదు. కమాండ్ స్పాన్సర్‌షిప్ అనే అనుమతి ఉండాలి. కుటుంబంలో ఎవరికైనా ప్రత్యేక వైద్యం కావాలా, ఆ వైద్యం అక్కడ దొరుకుతుందా, పిల్లలకు ప్రత్యేక చదువు అవసరమా అన్నవి చూసి ఇస్తారు. జర్మనీకి కుటుంబంతో వెళితే సాధారణంగా 36 నెలలు, ఒంటరిగా వెళితే 24 నెలలు. ఈ అనుమతి లేకుండా సొంత ఖర్చుతో భార్యను తెచ్చుకునే కుర్ర సైనికులు ఉంటారు, కొత్తగా పెళ్లయినవాళ్లు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ పని చేస్తే భత్యం ఒంటరివాడి రేటులోనే వస్తుంది, మిగతా సౌకర్యాలూ చిక్కుల్లో పడతాయి. ఆరు నెలలు ఓపిక పట్టి కాగితం తెచ్చుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక విమానం దిగాక మొదటి మజిలీ హోటల్. రామ్‌స్టైన్‌లో సైన్యం వారి పెద్ద వసతి గృహం ఉంది. అది నిండిపోతే గదులు లేవని కాగితం రాయించుకుని ఊళ్లో గెస్ట్‌హౌస్‌కు వెళ్లాలి. ఆ కాగితం లేకుండా బయట దిగితే బిల్లు చేతి నుంచి పడే ప్రమాదం ఉంది. ఈ రోజుల ఖర్చుకు ఇచ్చేదే టీఎల్‌ఏ, అంటే టెంపరరీ లాడ్జింగ్ అలవెన్స్. వచ్చిన తర్వాత మామూలుగా 60 రోజుల వరకు ఇస్తారు. అదీ ఒకేసారి కాదు, విడతల వారీగా. ప్రతి విడతకూ ఇల్లు నిజంగా వెతుకుతున్నారని చూపించాలి: ఏ ఇళ్లు చూశారు, ఎందుకు కుదరలేదు. బిల్లు ముందు మనం కట్టాలి, తర్వాత తిరిగి వస్తుంది. అందుకే ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి మొదటి నెల క్రెడిట్ కార్డు మీద భారం ఎక్కువ. టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

వచ్చిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. హౌసింగ్ ఆఫీసుకు వెళ్లి పేరు రాయించుకోవాలి. జర్మనీ చేరిన 30 రోజుల్లో స్థావరం లోపలి ఇంటికి దరఖాస్తు పెడితే, వరుసలో మీ స్థానం పాత ఊరు వదిలిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఆలస్యం చేస్తే దరఖాస్తు పెట్టిన తేదీయే లెక్క. ఒక్క కాగితం పది రోజులు ఆలస్యమైతే మీకంటే వెనక దిగినవాళ్లు ముందుకు వెళ్లిపోవచ్చు. బయట అద్దెకు ఉండాలనుకున్నా సరే, ఈ ఆఫీసులో కనబడకుండా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకూడదు. ఇల్లు తగినదేనా, అద్దె న్యాయంగా ఉందా, ఒప్పందంలో ఉండాల్సిన షరతులు ఉన్నాయా అని చూసేది వాళ్లే.

అద్దె భత్యం: జీతం కాదు, లెక్క

ఇప్పుడు అసలు చిక్కుముడి. అమెరికాలో ఉన్నప్పుడు సైనికుడికి బీఏహెచ్ అనే అద్దె భత్యం వస్తుంది. ఊరు, ర్యాంకు, కుటుంబం ఉందా లేదా, ఈ మూడింటిని బట్టి ఒక నికరమైన మొత్తం. అంతకంటే తక్కువ అద్దె ఇంట్లో ఉంటే మిగిలింది జేబులో పడుతుంది. మన ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

విదేశంలో ఇచ్చేది ఓహెచ్‌ఏ, ఓవర్సీస్ హౌసింగ్ అలవెన్స్. ఇక్కడ మొత్తం కాదు, పరిమితి ఉంటుంది. అసలు కట్టే అద్దె ఎంతో అంతే ఇస్తారు, అది ఆ పరిమితి దాటకూడదు. లెక్క కోసం ఒకరి ర్యాంకుకు పరిమితి నెలకు 1,500 యూరోలు అనుకుందాం. 1,300 యూరోల ఇల్లు తీసుకుంటే 1,300 వస్తుంది. మిగిలిన 200 మనది కాదు. 1,800 యూరోల ఇల్లు తీసుకుంటే 1,500 వస్తుంది, 300 జీతంలోంచి కట్టుకోవాలి. అమెరికాలో చవక ఇల్లు చూసుకుని అద్దె మిగుల్చుకున్నవాళ్లు జర్మనీలో కూడా అదే చేద్దామని చూస్తారు. ఇక్కడ చవక ఇల్లు తీసుకుంటే లాభపడేది ప్రభుత్వమే.

దీంతో ఇంకో పరిణామం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. పరిమితి లోపల సైనికుడికి బేరమాడే అవసరం లేదు. ఏ ర్యాంకుకు పరిమితి ఎంతో ఇంటి యజమానులకూ తెలుసు, అది దాపరికం లేని సమాచారం. కాబట్టి అద్దె మెల్లగా పరిమితి దాకా పాకుతుంది. ఆ పరిమితిని నిర్ణయించేది సైనికులు చెప్పిన అసలు అద్దెల నుంచే. కుటుంబాలున్నవాళ్లలో 80 శాతం మందికి అద్దె పూర్తిగా సరిపోయేలా దాన్ని కడతారు. అంటే అద్దె పెరిగితే పరిమితి పెరుగుతుంది, పరిమితి పెరిగితే అద్దె పెరుగుతుంది. మధ్యలో నలిగేది అదే వీధిలో ఇల్లు వెతుక్కునే జర్మన్ నర్సో, బస్సు డ్రైవరో. ఆ కోపం కొన్నిసార్లు కొత్తగా దిగిన అమెరికన్ జంట మీద పడుతుంది, వాళ్లు చేసిన తప్పేమీ లేకపోయినా. కాబట్టి పరిమితి ఉంది కదా అని అడిగినంతా ఒప్పుకోకుండా, ఇల్లు ఆ అద్దెకు తగినదా కాదా అని హౌసింగ్ ఆఫీసును అడగాలని నేను అంటాను. పక్కవాళ్లకు అది మనం చేయగలిగిన మేలు.

జీతం డాలర్లలో, అద్దె యూరోల్లో. 1,500 యూరోల అద్దె యూరో 1.05 డాలర్లున్నప్పుడు 1,575 డాలర్లు, 1.15 అయితే 1,725. నెలకు 150 డాలర్ల తేడా. ఈ తేడాను ఓహెచ్‌ఏ భరిస్తుంది, మారకపు విలువ మారినప్పుడల్లా సర్దుతారు. ప్రతి పదిహేను రోజులకూ పే స్లిప్పులో అంకె మారుతుంటే కంగారు పడక్కర్లేదు.

కరెంటు, నీళ్లు, వేడి ఖర్చుకు వేరే భత్యం ఉంది. దాని పద్ధతి అద్దెకు పూర్తిగా విరుద్ధం. సర్వేలను బట్టి ఒక మొత్తం నిర్ణయించి ప్రతి నెలా అంతే ఇస్తారు. తక్కువ వాడితే మిగులుతుంది, ఎక్కువ వాడితే మనమే కట్టుకోవాలి. జూన్‌లోనూ జనవరిలోనూ అదే మొత్తం. ఎండాకాలం మిగిలింది చలికాలానికి దాచనివాళ్లు ఏడాది చివర ఇబ్బంది పడతారు. ఎందుకో కింద చెబుతాను.

ఇల్లు మారినప్పుడు ఒకసారి అయ్యే ఖర్చులకు ఇచ్చేది మైహా. అందులో ఒక భాగం చిన్న చిన్న కొనుగోళ్లకు, నికరమైన మొత్తంగా వస్తుంది. ఏజెంటు ఫీజు లాంటి తిరిగిరాని ఖర్చులకు రసీదు చూపిస్తే అయినంతా ఇచ్చే భాగం ఇంకొకటి. జపాన్‌లో ఇల్లు అద్దెకిచ్చినందుకు యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే రెయికిన్ అనే డబ్బు తిరిగి రాదు. అలాంటివి ఈ లెక్కలోకి వస్తాయి. అడ్వాన్సు డిపాజిట్ మాత్రం రాదు, ఎందుకంటే అది మనకు తిరిగొచ్చే డబ్బు. డిపాజిట్ కోసం ఓహెచ్‌ఏనే ముందుగా తీసుకోవచ్చు, తర్వాత నెలనెలా కోసుకుంటారు. జీతం తగ్గినట్టు కనిపించినా అది మన అప్పే తీరుతున్నట్టు.

ఇద్దరూ యూనిఫామ్‌లో ఉంటే

భార్యాభర్తల్లో ఇద్దరూ సైన్యంలో ఉంటే లెక్క మారిపోతుంది. ముందుగా ఇద్దరినీ ఒకే చోటికి పంపడమే పెద్ద పని. వైమానిక దళంలో దీన్ని జాయిన్ స్పౌస్ అంటారు, ఆర్మీలో దంపతులకు వేరే పథకం ఉంది. పేర్లు నమోదు చేసుకుంటే ప్రయత్నిస్తారు, హామీ ఇవ్వరు. భార్య వైమానిక దళం, భర్త ఆర్మీ అయితే ఇంకా కష్టం, రెండు వేర్వేరు కార్యాలయాలు ఒక్క మాట మీదికి రావాలి. రామ్‌స్టైన్‌లో ఆమెకు, లాండ్‌స్టూల్ ఆసుపత్రిలో అతనికి పోస్టింగ్ దొరికిందంటే ఆ జంట అదృష్టవంతులు. రెండిటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

పిల్లలు లేరనుకుందాం. అప్పుడు ఒకరు ఇంకొకరిపై ఆధారపడ్డవారు కారు. ఇద్దరికీ ఒంటరివాళ్ల పరిమితే వర్తిస్తుంది, కుటుంబం ఉన్నవాళ్ల పరిమితిలో 90 శాతం. పై లెక్కలో 1,500 అయితే ఒక్కొక్కరికి 1,350. ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి అద్దెను రెండుగా పంచి ఎవరి వాటా వాళ్ల పరిమితితో పోలుస్తారు. 1,800 యూరోల ఇల్లు తీసుకుంటే చెరో 900. ఇద్దరికీ పూర్తిగా వస్తుంది. ఒకరే సైన్యంలో ఉన్న జంట ఇదే ఇంటికి 300 చేతి నుంచి వేసుకోవాలని ముందే చూశాం. బిడ్డ ఉంటే దంపతుల్లో ఒకరు కుటుంబం ఉన్న రేటు తీసుకుంటారు, రెండోవారు ఒంటరి రేటులోనే ఉంటారు. ఒకే బిడ్డను ఇద్దరూ చూపించలేరు.

ఇదంతా బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ ఇద్దరి భత్యం మీద నమ్మకంతో పెద్ద ఇల్లు తీసుకున్న జంట ఒక తేదీ చూసుకోవాలి. డెరోస్ అంటారు, అంటే విదేశీ పోస్టింగు ముగిసి తిరిగి వెళ్లదగ్గ తేదీ. ఇద్దరి డెరోస్ ఒకటి కాకపోతే ఒకరు ముందు వెళ్లిపోతారు. ఉన్నవారి మీద 1,800 అద్దె మొత్తం పడుతుంది, పరిమితి 1,350. నెలకు 450 యూరోలు నష్టం, పైగా ఒంటరితనం. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే తేదీలు కలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టడం మంచిది. అద్దె మారినా, ఇంట్లో మనుషులు మారినా వెంటనే చెప్పకపోతే ఎక్కువ వచ్చిన డబ్బంతా ఒకేసారి వెనక్కి లాగేస్తారు. ఇలా ఇబ్బంది పడేవాళ్లు మోసం చేసేవాళ్లు కారు, ఒక ఫారం నింపడం మరచిపోయినవాళ్లు.

మూడు గదులంటే మూడు బెడ్రూములు కావు

ప్రకటనలో 3 జెడ్‌కేబీ అని రాసి ఉంటుంది. హైదరాబాద్ అలవాటులో అది మూడు బెడ్రూముల ఇల్లని చదివేస్తాం. జెడ్ అంటే గది, కే అంటే వంటిల్లు, బీ అంటే స్నానాల గది. గదుల లెక్కలో హాలు కూడా కలిసి ఉంటుంది. అంటే 3 జెడ్‌కేబీ మన 2 బీహెచ్‌కే. ఇద్దరు పిల్లలుంటే నాలుగు చూసుకోవాలి.

ప్రకటనలో కనిపించే అద్దె కాల్ట్‌మీటె, అంటే చల్లటి అద్దె. ఇంటికి మాత్రమే. చెత్త, నీళ్లు, మెట్ల శుభ్రం లాంటి ఖర్చులను నేబెన్‌కోస్టెన్ అంటారు. అవి, వేడి ఖర్చు కలిపితే వార్మ్‌మీటె, వెచ్చటి అద్దె. ఏది అద్దె కింద, ఏది కరెంటు-నీళ్ల భత్యం కింద వస్తుందో ఒప్పందంలో విడివిడిగా రాయించుకుంటేనే ఓహెచ్‌ఏ లెక్క సరిపోతుంది.

ఇందులో పెద్ద ఉచ్చు ఏడాది చివరి బిల్లు. జర్మనీలో మీటరు నెలనెలా చూడరు. ఒక అంచనా వేసి ప్రతి నెలా ఒకే మొత్తం వసూలు చేస్తారు. ఏడాది పూర్తయ్యాక అసలు వాడకం లెక్కగట్టి తక్కువ కట్టి ఉంటే మిగతాది ఒకేసారి అడుగుతారు. టెక్సాస్ నుంచి వచ్చి పాత రాతి ఇంట్లో మొదటి చలికాలం హీటరు ఆపకుండా నడిపిన కుటుంబానికి ఆ ఉత్తరం పిడుగులా ఉంటుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో జర్మనీలో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు ఈ ఉత్తరాలు జర్మన్ల ఇళ్లలో కూడా కన్నీళ్లు తెప్పించాయి. ఎండాకాలంలో మిగిలిన భత్యం దాచమన్నది ఇందుకే. ఇంకో ఉపాయం కూడా ఉంది. సైనిక కుటుంబాలు కొద్దిపాటి ఫీజు కట్టి పన్ను మినహాయింపు పథకంలో చేరితే కరెంటు, గ్యాస్ మీద జర్మనీ వేసే 19 శాతం పన్ను తప్పుతుంది. చేరకుండా ఏడాది గడిపేస్తే ఆ డబ్బు పోయినట్టే. దిగిన మొదటి నెలలోనే చేరడం మంచిది.

ఇల్లు తలుపు తీసి చూస్తే ఖాళీ. ఖాళీ అంటే మనం అనుకునే ఖాళీ కాదు. వంటింట్లో సింకు కూడా ఉండకపోవచ్చు, అద్దెకున్నవాళ్లు తమ వంటిల్లు విప్పి వెంట తీసుకుపోతారు. పైకప్పు నుంచి లైటు బదులు రెండు వైర్లు వేలాడుతుంటాయి. గోడలో బీరువాలుండవు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లకు ఈ అనుభవం బాగా తెలుసు. అదృష్టవశాత్తు కే-టౌన్ చుట్టుపక్కల అమెరికన్లకు అద్దెకిచ్చే యజమానులు చాలామంది వంటిల్లు అమర్చే ఇస్తారు. పైగా సైన్యం ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బట్టల బీరువాలు అరువు ఇస్తుంది. ఓడలో వచ్చే సామాను చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా మంచాలు, కుర్చీలు కూడా వాళ్ల దగ్గరే తెచ్చుకోవచ్చు. మైహా డబ్బులో మొదటి యూరో లైట్లకే పోతుంది.

కరెంటు సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో 120 వోల్టులు, జర్మనీలో 230. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి 110 వోల్టుల మిక్సీ, గ్రైండర్ వెతికి మరీ తెప్పించుకుంటారు. అవి జర్మనీ ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మోటారుకు సుఖం ఉండదు, ఎందుకంటే వోల్టేజీతో పాటు ఫ్రీక్వెన్సీ కూడా 60 నుంచి 50కి మారుతుంది. అదే హైదరాబాద్‌లో అమ్మ వాడే మిక్సీ అయితే ఒక చిన్న ప్లగ్ అడాప్టర్‌తో హాయిగా తిరుగుతుంది, మన కరెంటూ జర్మన్ కరెంటూ ఒకటే. పోస్టింగ్ జర్మనీకి అని తెలిసిన రోజే అమెరికా మిక్సీ ఎవరికైనా ఇచ్చేసి, ఇండియా నుంచి వచ్చే బంధువుల చేత ఒకటి తెప్పించుకోమని చెబుతాను.

వంట గురించి ఇంకొక్క మాట. జర్మన్ ఇళ్లు గాలి చొరబడకుండా కడతారు. చలికాలంలో కిటికీలు మూసి పులుసు మరిగించి, పోపు పెట్టి, బట్టలు లోపలే ఆరేస్తే గోడ మూలల్లో బూజు పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వాలని ఒప్పందంలోనే రాస్తారు. మంచు పడుతున్నప్పుడు కిటికీ తెరవడమేమిటని వదిలేస్తే, ఆ బూజు డిపాజిట్‌లోంచి కోతగా తిరిగొస్తుంది.

ఊళ్లో మసలే పద్ధతులు కూడా ఇంటితో పాటే వస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారం రోజంతా శబ్దం చేయకూడదు. గోడకు మేకు కొట్టడం, గడ్డి కోయడం ఆదివారం పనికిరావు. చెత్తను కాగితం, ప్లాస్టిక్, తిండి వ్యర్థాలు, మిగతాది అని వేరు చేయాలి. ఒప్పందంలో ఉంటే ఇంటి ముందు మంచు తీయడం కూడా అద్దెకున్నవాళ్ల పనే. మొదటి వారంలో పక్కింటి తలుపు తట్టి పేరు చెప్పి పరిచయం చేసుకుంటే వీటిలో సగం వాళ్లే నేర్పిస్తారు. జర్మన్ పల్లెల్లో కొత్తగా వచ్చినవాళ్లే ముందు పలకరించడం మర్యాద.

ఒప్పందంలో ఒక్క పేరా

డిపాజిట్‌ను కౌట్సియోన్ అంటారు. జర్మన్ చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు, అద్దెకున్నవారు కావాలంటే మూడు నెలసరి వాయిదాల్లో కట్టవచ్చు. యజమాని దాన్ని తన సొంత డబ్బుతో కలపకుండా విడిగా ఉంచాలి. ఏజెంటు ఫీజు విషయంలో 2015 జూన్ నుంచి చట్టం మారింది, ఏజెంటును ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలి. యజమాని పెట్టిన ఏజెంటు మిమ్మల్ని ఫీజు అడిగితే కట్టక్కర్లేదు. ఈ హక్కులు ఊరికే పుస్తకంలో ఉండేవి కావు, అడిగితే పనిచేస్తాయి. కొత్త దేశం, భాష రాదు, ఇల్లు చేజారుతుందేమోనన్న భయం కలిసి అడగనివ్వవు.

అన్నిటికంటే ముఖ్యమైనది మిలిటరీ క్లాజ్. అమెరికాలో 2003 నాటి చట్టం ఒకటి బదిలీ ఆర్డరు వచ్చిన సైనికుడికి అద్దె ఒప్పందం మధ్యలోనే రద్దు చేసుకునే హక్కు ఇస్తుంది. చాలామంది సైనికులు ఆ హక్కు తమ వెంటే వస్తుందనుకుంటారు. సముద్రం దాటాక అది జర్మన్ యజమానిని కట్టడి చేయదు. జర్మన్ చట్టంలో అద్దెకున్నవారు ఇల్లు వదలాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. ఆర్డరు నెల రోజుల్లో వెళ్లమంటే మిగతా రెండు నెలల అద్దె ఎవరు కడతారు? అందుకే ఆర్డరు వస్తే మామూలు గడువు కంటే ముందే ఒప్పందం ముగించవచ్చని ఒక పేరా చేర్పిస్తారు. స్థావరం లోపల క్వార్టర్ కేటాయించినప్పుడు కూడా ఇది వర్తిస్తుందా లేదా అని విడిగా అడగాలి, అది ప్రతి ఒప్పందంలో ఉండదు. ఈ పేరా లేని ఒప్పందం ఎంత అందమైన ఇంటిదైనా సంతకం పెట్టకూడదు. సంతకం చేసే రోజు ఒక భార్య, ఒక భర్త, చంకలో పిల్లవాడు, అవతల ఇంకో కుటుంబం ఇల్లు చూడటానికి కాచుకుని ఉంటుంది. ఆ తొందరలో ఈ పేరా చదవకుండా దాటేయడం చాలా తేలిక.

సంతకం అయ్యాక తాళాలు తీసుకునే రోజు ఇంటి పరిస్థితి మొత్తం కాగితం మీద పెడతారు. ప్రతి గీత, ప్రతి మరక, ప్రతి మీటరు అంకె రాయించుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి. 2015లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది: సున్నం వేయకుండా, మరమ్మతు చేయకుండా అప్పగించిన ఇంటిని వెళ్లేటప్పుడు కొత్తగా చేసి ఇమ్మని, తగిన పరిహారం ఇవ్వకుండా అద్దెకున్నవారిని బలవంతపెట్టకూడదని. కానీ ఇల్లు ఇచ్చినప్పుడు ఎలా ఉందో రుజువు మన దగ్గర ఉంటేనే ఆ తీర్పు మనకు అక్కరకొస్తుంది.

మూడేళ్లు తిరిగేసరికి అదే హోటల్ గది, అదే సూట్‌కేసులు. సామాను ముందే ఓడ ఎక్కేసి ఉంటుంది. తాళాలు తిరిగిచ్చిన రోజు డిపాజిట్ చేతిలో పెడతారని చాలామంది ఎదురుచూస్తారు. జర్మన్ యజమాని నేబెన్‌కోస్టెన్ లెక్క తేలేదాకా, నష్టాలేమైనా ఉన్నాయేమో చూసుకునేదాకా కొన్ని నెలలు దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. అప్పటికి ఆ జంట ఏ కొలరాడోలోనో నార్త్ కరోలినాలోనో ఉంటుంది. కాబట్టి జర్మనీ వదిలేటప్పుడు యూరో బ్యాంకు ఖాతా మూసేయకండి. కొత్త చిరునామా యజమానికి రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చివరి మీటరు అంకెలున్న కాగితం ఓడలో వెళ్లే సామానులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి.